చీపురుతో దింపిన బంతి

ప్రూయిట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు నూరేళ్ళు పూర్తవుతున్నాయని ఆ చలికాలం హార్లన్ ఫోర్క్ ఊరంతా ఆకుపచ్చ జెండాలు కట్టారు. బ్యాంకుకు కట్టారు, మంగలి షాపుకు కట్టారు, శవపేటికలు అమ్మే మెక్‌నట్ గారి గుమ్మానికి కూడా కట్టారు. మెర్ల్ డిట్మర్ మాత్రం తన ఫర్నేసు రిపేరు వ్యానుకు కట్టనివ్వలేదు. బండి అద్దం తుడుచుకోవడానికి తన దగ్గర పాత బనీన్లు చాలానే ఉన్నాయని, ఈ గుడ్డ అక్కర్లేదని చెప్పి జెండా తెచ్చినవాళ్ళను పంపించేశాడు.

వాళ్ళు నొచ్చుకోలేదు. మెర్ల్ ఏమన్నా ఊళ్ళో ఎవరూ నొచ్చుకోరు, నవ్వుతారు. అరవై ఏడేళ్ళ మనిషి, ఆ ఫర్నేసుల వేడితో సగం ఊరి ఇళ్ళు వెచ్చగా ఉండటానికి కారణమైన మనిషి కనబడితే వాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది చీపురు.

ఆ జట్టు చరిత్రను యూనివర్సిటీవాళ్ళు తళతళలాడే అట్టతో పుస్తకం వేశారు. అది చదివితే దేవుడు ఏడో రోజు విశ్రాంతి మానుకుని మా ఇండియానాలో ఒక రింగు బిగించి వెళ్ళాడనిపిస్తుంది. జరిగింది వేరు. కుర్రాళ్ళు చలికాలం సాయంత్రాలు దొంగసారా తాగుతూ కూర్చుంటున్నారని ఒక కెమిస్ట్రీ మాస్టారు చర్చి నేలమాళిగలో రెండు రింగులు కట్టించాడు. కప్పు ఎంత కిందికి ఉండేదంటే కాస్త ఎత్తుగా వేస్తే బంతి దూలానికి తగిలేది. గది మధ్యలో బొగ్గు పొయ్యి ఉండేది. ఎదుటి జట్టువాణ్ణి దాని మీదికి నెట్టడమే ప్రూయిట్ వారి తొలి యుద్ధతంత్రం. మొదటి మూడేళ్ళ గెలుపులన్నీ ఆ పొయ్యి గెలిచినవే. పుస్తకంలో దాన్ని 'సొంతగడ్డ బలం' అని రాసుకున్నారు.

తర్వాత లాయిడ్ హ్యాచర్ అనే కోచ్ వచ్చాడు. ఇప్పుడు హాలు ముందు కంచు విగ్రహమై నిలబడి ఉన్నది ఆయనే. సాధన మధ్యలో మంచినీళ్ళు తాగేవాడు మగాడు కాదని ఆయన సిద్ధాంతం. ఎవడైనా కళ్ళు తిరిగి పడిపోతే మిగతావాళ్ళను చుట్టూ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు గానీ గుక్కెడు నీళ్ళు పొయ్యనిచ్చేవాడు కాదు. మూడు ఛాంపియన్‌షిప్ బ్యానర్లు తెచ్చాడు కాబట్టి మహానుభావుడైపోయాడు. బ్యానర్లు రాకపోయి ఉంటే పోలీసులు వచ్చేవారు. ఆయన విగ్రహం పక్కనే ఇప్పుడు మంచినీళ్ళ కుళాయి పెట్టారు, అదేం పాపమో.

ఆయన తర్వాతివాళ్ళు మరీ తెలివైనవాళ్ళు. క్లాసు గుమ్మం తొక్కని ఆటగాళ్ళకు మార్కులు వేయించి పట్టుబడ్డారు. పైనున్న ఆటల సంఘంవాళ్ళు రెండేళ్ళ గెలుపులు చెల్లవని కొట్టేసి, బ్యానర్లు దింపించారు. అవి వేలాడిన చోట గోడ మీద వెలిసిపోని రంగుతో రెండు పలకలు ఇప్పటికీ కనబడతాయి. మా ఊరివాళ్ళు ఆ ఖాళీ గోడకేసి చూసి కూడా టోపీ తీసి గుండెల మీద పెట్టుకుంటారు. సిగ్గుపడాల్సిన చోట కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మావాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

ఇలాంటి జట్టులో చేరాలని పద్దెనిమిదేళ్ళప్పుడు మెర్ల్ తహతహలాడిపోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం వేస్తుంది. తండ్రి ఫర్నేసులు బాగుచేసేవాడు. కొడుకు కోచ్ కావాలనుకున్నాడు. స్కాలర్‌షిప్ లేదు, ఎవరూ పిలవలేదు, తనంతట తనే వెళ్ళి అడిగితే హ్యాచర్ తీసుకున్నాడు. అలాంటివాళ్ళు ప్రతి జట్టులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వచ్చే శనివారం ఎదురయ్యే మేటి ఆటగాడు ఎలా ఆడతాడో సాధనలో అచ్చం అలా ఆడి చూపించడం వాళ్ళ పని. మెర్ల్ ఒక వారం ఎడమచేతివాడు, ఇంకో వారం మోచేతులతో పొడిచే మొరటువాడు. నాలుగేళ్ళూ ఎవడిలాగో ఒకడిలాగా ఆడాడు, తనలాగా ఆడే అవకాశం రాలేదు. శనివారం వచ్చిందంటే ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని బెంచీ చివరి కుర్చీలో కూర్చునేవాడు.

ఆ చివరి కుర్చీ అంటే మా జనానికి వల్లమాలిన ప్రేమ. గెలుపు ఖాయమై, ఇక పోయేదేం లేదని తేలాక, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఆటలోకి దింపమని పేరు పెట్టి అరుస్తారు. దింపాక, బంతి వాడి చేతికి రాగానే 'వెయ్యి, వెయ్యి' అని గోల. కుక్కపిల్ల రెండు కాళ్ళ మీద నిలబడితే చూపించే ప్రేమే ఇదీ. కుక్కపిల్లకు ఆ సంగతి తెలియదు, అంతే తేడా.

డెబ్బై తొమ్మిదిలో, సొంత కోర్టులో మెర్ల్ ఆఖరి ఆట రోజు అదే జరిగింది. ఎదుటి జట్టు ఎప్పుడో చేతులెత్తేసింది. జనం డిట్మర్, డిట్మర్ అని బల్లలు గుద్దుతున్నారు. వాళ్ళను మెప్పించడానికి హ్యాచర్ అతన్ని లోపలికి తోశాడు. కుడి మూలలో బంతి అందింది. వెయ్యి అన్నారు, వేశాడు. బంతి వెళ్ళి రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కుపోయింది.

కింద పడి ఉంటే అది ఒక తప్పిపోయిన షాటు, తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఇరుక్కోవడంతో ఆట ఆగింది, అందరూ పైకి చూశారు. పొడుగాటి ఆటగాడొకడు ఎగిరి తట్టబోతుండగానే, నేల ఊడ్చే ఓటిస్ పొడుగుకర్ర చీపురుతో కోర్టులోకి నడిచి వచ్చాడు. జనానికి వంగి దణ్ణం పెట్టాడు. కర్రతో బంతిని పొడిచి దింపాడు. హాలు హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. హ్యాచర్ నవ్వడం ఆ ఒక్కసారే చూశామని పాతవాళ్ళు ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. మిగిలిన కాసిని క్షణాల్లో ఇంకెవరూ బంతి మెర్ల్‌కు ఇవ్వలేదు.

మరుసటి సీజను మొదటి ఆటకే విద్యార్థులు చీపుర్లు కొనుక్కొచ్చారు. అది సంప్రదాయమైంది. జట్టు బాగా ముందంజలో ఉంటే వేలమంది చీపుర్లు పైకెత్తి ఊపుతారు. ఓటిస్ చీపురుకు ఆకుపచ్చ రంగు వేసి గాజు పెట్టెలో పెట్టారు, హ్యాచర్ ట్రోఫీల పక్కన. చదువుకున్నవాళ్ళే, ప్రొఫెసర్లే, తల మీద చీపురు పుల్లలు గుచ్చుకుని చంటిపిల్లల్లా గెంతుతారు.

మెర్ల్ ముప్పై మైళ్ళ దూరంలో ఒక హైస్కూల్లో కోచ్‌గా చేరాడు. మొదటి ఆటకే ఎదుటి ఊరివాళ్ళు చీపుర్లతో దిగారు. క్రిస్మస్ వచ్చేసరికి సొంత జట్టు పిల్లలే అతను మాట్లాడుతుంటే పెదవులు బిగబట్టుకోవడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకుంటున్నవాడికి ఏ ఆటా నేర్పలేం. ఏడాది తిరక్కుండానే మానేసి తండ్రి వ్యాను ఎక్కాడు. అక్కడా వదల్లేదు. ఫర్నేసు పొగగొట్టం మూసుకుపోతే, ఇంటావిడ తలుపు తీస్తూనే “బంతి ఇరుక్కుందేమో చూడు మెర్ల్” అంటుంది. ఆ మాట తానే మొదట కనిపెట్టినట్టు ప్రతి ఇంటావిడా మురిసిపోతుంది. అతను మెట్లు దిగి నేలమాళిగలోకి పోతాడు.

ఒక్క సంగతి మాత్రం ఊరికి తెలియదు. ఇంటి వెనక కొట్టంలో అతను ఒక రింగు బిగించుకున్నాడు. నలభై ఏళ్ళకు పైగా, పని నుంచి వచ్చాక, అదే కుడి మూల నుంచి అదే షాటు వేసుకుంటూ వచ్చాడు. ఎందుకని భార్య జాయిస్ ఎప్పుడూ అడగలేదు. అన్నం చల్లారుతోందని మాత్రం కేకేసేది.

ఇలాగే కాలం వెళ్ళిపోయేదేమో. ఆ సంవత్సరం అతని మనవడు కోల్టన్ ప్రూయిట్ జట్టులో చేరాడు. వాడికీ స్కాలర్‌షిప్ లేదు, వాడికీ చివరి కుర్చీయే దక్కింది. రెండో ఆటకే జనం వాడికి 'చిన్న చీపురు' అని పేరు పెట్టారు. తన మీద నవ్వితే పళ్ళు బిగబట్టుకున్న మెర్ల్‌కు, అదే నవ్వు మనవడి మీదికి మళ్ళేసరికి ఓర్చుకోవడం చేతకాలేదు. తన బతుకెలాగూ నవ్వులపాలైంది, పిల్లవాడిదైనా కాకూడదు. అతనికి అప్పటినుంచీ ఉన్న దిగులంతా అదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూనివర్సిటీ నుంచి బ్రెంట్ ఆల్డ్రిచ్ అనే ఉద్యోగి వచ్చాడు. జట్టు బొమ్మ ఉన్న చొక్కా, మంచులో నడవడానికి పనికిరాని తెల్ల బూట్లు. నూరేళ్ళ పండుగ ఆటలో, సగం ఆట అయ్యాక విరామంలో, మెర్ల్ కోర్టులోకి వచ్చి ఆ షాటు మళ్ళీ వెయ్యాలనీ, తర్వాత చీపురును తన చేత్తో మనవడికి అందించాలనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఏదో వరమిస్తున్నట్టు ముఖం పెట్టాడు.

“మా సంప్రదాయానికి మూలపురుషులు సర్ మీరు” అన్నాడు.

“నేనొక షాటు తప్పాను నాయనా. దాని మీద మీరు నలభై ఏళ్ళు బతికారు.”

బ్రెంట్ నవ్వాడు. మెర్ల్ ఏం మాట్లాడినా నవ్వాలని అతనికీ ఎవరో చెప్పి పంపినట్టున్నారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి మెర్ల్ తన షరతు చెప్పాడు.

“వస్తాను. ఒక్క షాటు వేస్తాను. అది లోపల పడిందా, ఆ చీపురు ఇక ఎవడూ బయటికి తియ్యకూడదు. నా మనవడి చేతికి రాకూడదు. తగలబెడతారో పాతిపెడతారో మీ ఇష్టం.”

“తప్పకుండా సర్. మాటిస్తున్నా” అని బ్రెంట్ చెయ్యి చాచాడు. పడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు, అందుకే అంత ధారాళంగా ఇచ్చాడు.

జాయిస్ వంటింట్లోంచి అంతా వింది. అతను వెళ్ళిపోయాక, ఆపిల్ ముక్కలు కోస్తూనే, చొక్కా మీద జట్టు బొమ్మ ఉన్నవాడి మాట నమ్మినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానని అంది. తాను మాత్రం రానంది. ఆ హాల్లో ఆవిడ పెళ్ళయ్యాక కాలు పెట్టలేదు. చీపురు తన ఇంట్లో కూడా ఉందని, దాన్ని చూడటానికి టికెట్టు ఎందుకని ఆవిడ వాదన.

అప్పట్నుంచి మెర్ల్ రోజూ కొట్టంలో సాధన చేశాడు. ఆదివారాలు కోల్టన్ భోజనానికి వచ్చి, తిన్నాక తానూ కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. లోపల్నుంచి బంతి బోర్డుకు తగిలిన చప్పుడు వినబడేది, తర్వాత చాలాసేపు ఏమీ వినబడేది కాదు, మళ్ళీ చప్పుడు. ప్రతి షాటు తర్వాతా బంతి పట్టుకుని ఆలోచిస్తున్నాడు, ఓపిక నేర్చుకున్నాడు అనుకుని తాత పొంగిపోయాడు. నువ్వేం సాధన చేస్తున్నావురా అని ఒకసారి అడిగితే, చూస్తావుగా తాతా అని కన్ను కొట్టాడు. ఒక చికాకు మాత్రం ఉండేది. ఆకులు పోగుచేసే పొడుగాటి పళ్ళకర్ర తోట షెడ్డులో ఉండాల్సింది, ఆదివారం సాయంత్రానికల్లా కొట్టంలో గోడకు ఆనించి ఉండేది. ఈ కాలం పిల్లలకు వస్తువు తీసినచోట పెట్టడం రాదని గొణుక్కుంటూ మెర్ల్ దాన్ని తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేవాడు. మళ్ళీ వారం మళ్ళీ అక్కడే.

పండుగ ఆట శనివారం మధ్యాహ్నం. హాలు కిటకిటలాడింది. ముందు వరసల్లో ఎప్పటిలాగే పెద్ద పెద్ద విరాళాలిచ్చినవాళ్ళు, మెత్తటి కుర్చీల్లో, వేరుశనగలు నములుతూ. విరామం కాగానే దీపాలు తగ్గించి తెర మీద జట్టు చరిత్ర చూపించారు. పొయ్యి చూపించారు, కాలినవాళ్ళను చూపించలేదు. హ్యాచర్‌ను చూపించారు, కళ్ళు తిరిగి పడ్డవాళ్ళను చూపించలేదు. కొట్టేసిన రెండేళ్ళ దగ్గరికి వచ్చేసరికి సంగీతం పెంచి మబ్బులు చూపించారు. తర్వాత ఇరుక్కున్న బంతిని చూపించారు, అది మాత్రం నాలుగుసార్లు.

మెర్ల్ కుడి మూలకు నడిచాడు. ఇస్త్రీ చేసిన మామూలు చొక్కా వేసుకుని వచ్చాడు, వాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు తొడుక్కోలేదు. మైకు పట్టుకున్న ర్యాండీ అనే అతను, ఊళ్ళో కార్ల షోరూం అతనిది, గొంతు చించుకుని పరిచయం చేశాడు. వేలమంది చీపుర్లు లేచాయి. వెయ్యి, వెయ్యి అని గోల మొదలైంది. ఆ గోల నలభై ఏళ్ళ కిందటి గోలలాగే ఉంది, ఒక్కరి గొంతులోనూ వయసు పెరిగిన జాడ లేదు.

బంతి వేశాడు. అది రింగుకు కూడా తగలకుండా వలలోంచి జారిపోయింది.

చప్పట్లు రాలేదు. హాల్లో ఒక నిట్టూర్పు లేచింది, పెళ్ళి విందులో ఐస్‌క్రీం అయిపోయిందని చెబితే వచ్చే నిట్టూర్పు. చీపుర్లు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ర్యాండీ మాత్రం తడుముకోలేదు, కార్లు అమ్మేవాడు కదా.

“అరెరే, పాపం, పొరపాటున పడిపోయింది. మెర్ల్‌కు ఇంకో అవకాశం ఇద్దామా?”

ఇద్దామని హాలంతా అరిచింది. మెర్ల్ పక్కకు తిరిగి బ్రెంట్ కోసం చూశాడు. బ్రెంట్ ఫోను ఎత్తి వీడియో తీసుకుంటున్నాడు. ఫోను వెనకనుంచే, ఇంకొక్కటి సర్ అన్నట్టు వేలు చూపించాడు. మెర్ల్‌కు కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. రెండో బంతి అందుకుని, జనం ఊపిరి తీసుకునే లోపే వేసేశాడు. అదీ లోపలే పడింది. ఈసారి వెనక వరసల్లోంచి ఈలలు వేసి వెక్కిరించారు. షాటు సరిగ్గా వేసినందుకు తిట్లు తిన్నవాడు ఆ హాలు చరిత్రలో ఇంకొకడు ఉండడు.

అప్పుడు బెంచీ చివర్నుంచి కోల్టన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఆకుపచ్చ చీపురు. ఆటచొక్కా మీద వేరే చొక్కా తొడుక్కున్నాడు. దాని మీద ఇరుక్కున్న బంతి బొమ్మ, కింద డిట్మర్ అన్న పేరు. మెర్ల్ ముందు వరసలకేసి చూశాడు. సగంమంది అదే చొక్కా వేసుకుని ఉన్నారు.

“తాతా, ఒకటి వదిలెయ్. ప్లీజ్” అన్నాడు కోల్టన్, పెదవులు కదలకుండా. “అందరూ దీనికోసమే వచ్చారు.”

“ఈ చొక్కా ఏంట్రా?”

“నేనే అమ్ముతున్నా. ఇప్పుడు రూలు మారింది, కాలేజీ ఆటగాళ్ళు కూడా తమ పేరు అమ్ముకోవచ్చు తాతా. నిన్ను చూసి నలభై ఏళ్ళు ఊరికే నవ్వారు. నన్ను చూసి నవ్వాలంటే కొనుక్కుని నవ్వుతున్నారు.”

“నువ్వు ఆడటానికి చేరావనుకున్నాన్రా.”

“నన్నెవడు ఆడనిస్తాడు తాతా? నీకు తెలీదా?”

జనం విసుగ్గా కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. కోల్టన్ తాత ముఖంలోకి ఒక్కసారి చూశాడు. ఇక లాభం లేదనుకున్నాడు. చీపురు తాత చేతిలో పెట్టి, బంతి తీసుకుని, రింగుకు ఒక పక్కగా నిలబడి, నడుం దగ్గర్నుంచి మెల్లగా, ఒక వంపు తిప్పి విసిరాడు. బంతి వెళ్ళి రింగుకూ బోర్డుకూ మధ్య కూర్చుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ రాయి పేర్చినట్టు, ఒక్క విసురుకే కూర్చుంది.

హాలు పగిలిపోయింది. హ్యాచర్ మూడు బ్యానర్లు తెచ్చినప్పుడు కూడా అంత కేక వినబడలేదని పాతవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కోల్టన్ రెండు చేతులూ చాచి గుండ్రంగా తిరిగి దణ్ణం పెట్టాడు, ఓటిస్‌లాగే. తర్వాత తాత చేతిలోని చీపురు లాక్కోబోయాడు. లాక్కోనవసరం లేకపోయింది, మెర్ల్ వదిలేశాడు. వాడు బంతిని పొడిచి దింపుతుండగా మెర్ల్ పక్క తలుపు గుండా బయటికొచ్చి, విగ్రహం పక్క కుళాయిలో నీళ్ళు తాగి, వ్యాను ఎక్కాడు. అతను వెళ్ళిపోయినట్టు ఎవరూ గమనించలేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. జాయిస్ వరండాలోకి వచ్చింది.

“పడిందా?”

“రెండు పడ్డాయి.”

“మరి చీపురు?”

“మనవడికిచ్చి వచ్చాను.”

మెర్ల్ వ్యానులోంచి నిచ్చెన, స్పానరు తీసుకుని కొట్టంలోకి వెళ్ళాడు. పోయిన ఆదివారం తాను తీసి షెడ్డులో పెట్టడం మరిచిన పళ్ళకర్ర అక్కడే ఉంది, రింగు కింద గోడకు ఆనించి. ఆకుల్లేని, చీపురు లేని కొట్టంలో దానికేం పనో అతనికి అప్పుడు తెలిసింది. చూస్తావుగా తాతా అన్న మాటకు అర్థమూ తెలిసింది.

నిచ్చెన ఎక్కి బోల్టులు వదులు చేశాడు. రింగు వెనక, బోర్డు ఆనుకునే ఆ సందులో, నలభై ఏళ్ళుగా తన బంతి ఒక్కసారి కూడా తగలకుండా చూసుకున్న చోట, తెల్ల పెయింటు కనబడకుండా రబ్బరు మరకలు నల్లగా పేరుకుని ఉన్నాయి. ఎన్ని ఆదివారాలు వెయ్యాలో అంత నల్లగా కావడానికి. పిల్లవాడు కష్టపడ్డాడు. తాను పడినంతా పడ్డాడు.